ఫిలిప్పీన్స్ హైస్కూలు తరగతుల్లో ఫిలిపినో, ఇంగ్లీషు కలిపి మాట్లాడడాన్ని అనుమతించాలా?

క్వెజోన్ సిటీ తండ్రి:
మా అమ్మాయి ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు పీరియడులో పక్కనున్న అమ్మాయిని "నగ్‌రివ్యూ కా నా?" (పాఠం మళ్లీ చూసుకున్నావా) అని అడిగినందుకు జరిమానా వేశారు. 1987 రాజ్యాంగం ఫిలిపినో, ఇంగ్లీషు రెండింటినీ అధికార భాషలుగా గుర్తించింది. అలాంటప్పుడు రెండూ ఒకే వాక్యంలో కలిస్తే నేరమెలా అవుతుంది? "నగ్‌రివ్యూ" అంటే పూర్తయిన పని, "నగ్‌రెరివ్యూ" అంటే జరుగుతున్న పని, "మగ్‌రెరివ్యూ" అంటే చేయబోయే పని. ఇంగ్లీషు క్రియ ముందు టాగలాగ్ (ఫిలిపినోకు మూలమైన భాష) ప్రత్యయాన్ని చేర్చి, అవసరమైన చోట మొదటి అక్షరాన్ని రెట్టించి, పిల్లలు ఇంత నియమబద్ధంగా మాట్లాడుతుంటే దానిని భాష రానితనమని ఎలా అనగలం?

సెబూ మాస్టారు:
అయ్యా, నేను సెబూలో గణితం చెప్పినవాడిని. 1974 నాటి ద్విభాషా విధానం గణితం, సైన్సు ఇంగ్లీషులోనూ, సాంఘికశాస్త్రం ఫిలిపినోలోనూ చెప్పాలని నిర్దేశించింది. ఆచరణలో పుస్తకం ఇంగ్లీషులో, వివరణ కలగలుపు భాషలో, పరీక్ష మళ్లీ ఇంగ్లీషులో ఉంటాయి. సమీకరణాన్ని బోర్డు మీద చక్కగా సాధించిన పిల్లవాడే "ఎందుకో వివరించుము" అన్న ప్రశ్న దగ్గర కలం ఆపేసేవాడు. పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే పీసా పరీక్షలో, 2018లో, చదవడంలో 340 పాయింట్లతో ఫిలిప్పీన్స్ అట్టడుగున నిలిచిన సంగతి మీకు తెలియనిది కాదు.

క్వెజోన్ సిటీ తండ్రి:
పీసా ఫలితానికి కలగలుపు మాటే కారణమని ఎవరు తేల్చారు? కిక్కిరిసిన తరగతులు, పుస్తకాల కొరత, ఆకలితో వచ్చే పిల్లలు మీ లెక్కలోకి రారా? జరిమానాను మీరు సమర్థిస్తున్నారా లేదా, ముందు ఆ ఒక్కటి చెప్పండి.

దావో వైద్య విద్యార్థి:
ఇక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులలో నేనూ ఒకడిని. పాఠాలు ఇంగ్లీషులోనే సాగినా, వార్డులో రోగితో బిసాయా (ఇక్కడి జనం మాట్లాడే భాష), ఇంగ్లీషు కలపకుండా జబ్బు వివరాలు రాబట్టలేము.

సెబూ మాస్టారు:
జరిమానా తప్పే, మొదటి నుంచీ నేను దానిని సమర్థించలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన నన్ను హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో, జవాబు మధ్యలో రెండు తెలుగు మాటలు దొర్లాయని, విషయం వినకుండానే పంపించేశారు. ఆనాటి బాధతోనే చెబుతున్నాను. మీ అమ్మాయి కావాలనుకున్నప్పుడు పూర్తి ఇంగ్లీషులోకి మారగలదు, నా దగ్గర చదివిన ప్రభుత్వ బడి పిల్లలు మారలేకపోయేవారు. పైగా వారి ఇంటి భాష సెబూ ప్రాంతపు సెబ్వానో. ఫిలిపినో కూడా వారు బడిలో నేర్చుకున్నదే. మీ మనీలా ప్రాంతపు పిల్లల మాట తీరును చూపించి దేశమంతటికీ అదే సహజమనడం అన్యాయం.

నెల్లూరు పాఠకురాలు:
2013 చట్టం కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు మాతృభాషలో బోధించాలన్నది. 2024లో వచ్చిన 12027వ చట్టం ఆ నిర్బంధాన్ని తీసివేసింది. హైస్కూలు పిల్లల గురించి ఇంత వాదిస్తున్న మీరిద్దరూ ఆ పునాది సంగతి ఎందుకు ఎత్తరు?

క్వెజోన్ సిటీ తండ్రి:
దాని సంగతి తరువాత మాట్లాడుకుందామమ్మా. మాస్టారూ, మా అమ్మాయికి అన్నీ అమరాయి కాబట్టి ఆమెకు జరిగిన అవమానం లెక్కలోకి రాదంటారా? ఆమె తల్లి టాగలాగ్ మనిషి. అమ్మ భాష నోటివెంట వస్తే డబ్బు కట్టాలని నేర్పే బడిని ఏ తండ్రి సహిస్తాడు? 2013లో దేశానికి ఉత్తరాన ఉన్న లావోగ్‌లో, అక్కడి భాష ఇలొకానో మాట్లాడినందుకు ఒక బడి కొందరు పిల్లలను ఏకంగా బడి నుంచే తీసేసింది. మీ క్రమశిక్షణ చివరికి చేరేది అక్కడికే.

సెబూ మాస్టారు:
నేను అనని మాటలు నాకు అంటగట్టకండి. వివరణ ఏ భాషలోనైనా సాగనివ్వండి. పాఠం ముగిసేలోగా ప్రతి పిల్లవాడూ జవాబును ఒకే భాషలో, పూర్తి వాక్యాలలో, నాలుగు వరుసలైనా రాసేలా నేర్పాలన్నదే నా పట్టుదల. ఆ రాత రాని పిల్లవాడికి కాలేజీలోనూ ఉద్యోగంలోనూ తలుపులు మూసుకుపోతాయి.

క్వెజోన్ సిటీ తండ్రి:
రాయించాలన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. ఆ ఒకే భాష ఇంగ్లీషే ఎందుకు కావాలన్నదే నా ప్రశ్న. మీరు ఉదహరించిన పీసా పరీక్ష కూడా అక్కడ ఇంగ్లీషులోనే పెట్టారు. సైన్సు జవాబును ఫిలిపినోలో రాసినా మార్కులు వేస్తే, మీరు చెప్పిన పిల్లవాడు కలం ఆపడు.

సెబూ మాస్టారు:
ఫిలిపినోలో పెడితే మనీలా పిల్లవాడు కలం ఆపడు, సెబూ పిల్లవాడు ఆపుతాడు. పరీక్ష భాషను మార్చాలంటే సెబ్వానో, ఇలొకానోలకూ చోటిమ్మని అడగండి, మీతో పాటు నేనూ సంతకం చేస్తాను. అది జరిగేవరకు, పరీక్ష ఇంగ్లీషులో ఉన్నంతకాలం, పిల్లలకు ఇంగ్లీషులో రాయడం నేర్పక తప్పదు.

క్వెజోన్ సిటీ తండ్రి:
సెబ్వానోకూ చోటిమ్మని అడుగుతాను. అయితే "అది జరిగేవరకు" అన్న మీ మాటను మాత్రం ఒప్పుకోను, 1974 నుంచీ పిల్లలకు చెబుతున్నది అదే.