ఛేంజప్ వేస్తే బంతి పైకి తేలిపోతోంది, ఏ డ్రిల్ చేయించాలి?

కావలి దగ్గర ఒక హైస్కూల్లో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తున్నాను. మా పిచ్చర్‌కి (బంతి వేసే అమ్మాయికి) పదమూడేళ్లు, కుడిచేతి వాటం. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి, 40 అడుగుల దూరం, విండ్‌మిల్ పద్ధతి (చేతిని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి కింది నుంచి వేయడం). ఫాస్ట్‌బాల్‌తో ఇబ్బంది లేదు. ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లాగే కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతి) మాత్రం బ్యాటర్ భుజాల ఎత్తుకు తేలిపోతోంది. మొదటి ఇన్నింగ్స్‌లో బాగానే పడుతుంది, బేస్ మీద రన్నర్ చేరితే ఇక అంతే.

బంతిని అరచేతిలోకి లోతుగా పట్టించాను. వేగం తగ్గింది, ఎత్తు తగ్గలేదు. ఒక మోకాలి మీద కూర్చోబెట్టి 20 అడుగుల నుంచి వేయిస్తే చక్కగా మోకాళ్ల ఎత్తులో పడుతుంది. నిలబడి అడుగు వేయగానే మళ్లీ మామూలే. సాయంత్రం సముద్రపు గాలి వల్లేమో అనుకున్నాను గానీ, గాలి లేని పొద్దున కూడా ఇంతే.

ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూస్తే, ఛేంజప్‌కి చేయి తిప్పే వేగం తగ్గించేస్తోంది, ఒళ్లు కాస్త వెనక్కి వాలుతోంది, బంతిని తుంటి దాటాక వదులుతోంది. 'ఫాస్ట్‌బాల్‌లాగే తిప్పమ్మా' అంటే తిప్పుతుంది, కానీ అప్పుడు బంతి ప్లేట్‌కి ముందే నేలకు కొడుతోంది. భుజం నొప్పేమీ లేదంటోంది.

చేతి వేగం తగ్గకుండా, నిలబడి వేసేటప్పుడు కూడా బంతిని తుంటి దగ్గరే వదలడం అలవాటయ్యే డ్రిల్ మీకు తెలిసింది ఏది?