కదిరి నుంచి బెంగళూరుకు కూలి పనికి రావాలనుకుంటున్నాం, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకోవచ్చా?

కదిరి కుర్రవాడు:

అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట ఉంది. ఈసారి కూడా వేరుశనగ చేతికి రాలేదు. విత్తనాల అప్పు, బోరు అప్పు అలాగే ఉన్నాయి. మా ఊరి మేస్త్రీ ఒకాయన కె.ఆర్.పురం వైపు అపార్టుమెంట్ల పని ఉందని చెప్పి, నాకు రోజుకు 700, నా భార్యకు 550 ఇప్పిస్తానంటున్నారు. ముందుగా 40,000 అడ్వాన్సు ఇస్తారట, కూలిలో కొద్దికొద్దిగా పట్టుకుంటారట. ఉండడానికి పని దగ్గరే రేకుల షెడ్డు. మాకు మూడేళ్ళ పాప. అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉంటారు. నా భార్యకు కుట్టుపని వచ్చు. అడ్వాన్సు తీసుకుని రావచ్చా? ఇద్దరం చేస్తే నెలకు ఎంత మిగులుతుంది? ఊరి బియ్యం కార్డు అక్కడ పనిచేస్తుందా?

బొమ్మనహళ్ళి మేస్త్రీ:

తమ్ముడూ, ధైర్యంగా రా. పని దొరకదన్న భయం ఈ ఊళ్ళో అక్కర్లేదు, సెంట్రింగు చేతనైతే మరీ మంచిది. కానీ 700, 550 కలిపి 1,250 అని, దాన్ని 26 రోజులతో గుణించి 32,500 అని మనసులో పెట్టుకోకు. వాన పడితే పని ఉండదు, సిమెంటు లోడు రాకపోతే ఉండదు, పాపకు జ్వరం వస్తే ఒకరు ఆగిపోవాలి. 20 రోజులు లెక్క వేసుకో, అప్పుడు 25,000. అందులో అడ్వాన్సు కింద నెలకు 5,000 పట్టుకుంటే 20,000 మిగులుతుంది. తిండి, గ్యాసు, ఫోను, ఊరికి రానుపోను ఖర్చులు దానిలోంచే.

మేస్త్రీని మూడు సంగతులు అడుగు. పని ఏ కంపెనీది? కూలి వారానికి ఇస్తారా, లేక ఖర్చులకని కొంత చేతిలో పెట్టి మిగతాది పండుగకు లెక్క చూద్దామంటారా? హాజరీ ఎవరు రాస్తారు? పండుగ లెక్క అన్నవాళ్ళ దగ్గర ఎంత పని చేసినా నీ బాకీ తీరదు, వాళ్ళ పుస్తకంలో అంకె తగ్గదు. నీ దగ్గర కూడా ఒక పుస్తకం పెట్టుకుని ప్రతి సాయంత్రం రాసి మేస్త్రీ చేత సంతకం పెట్టించుకో. సంతకం పెట్టనంటే ఆ పని వద్దు. నేను ముప్ఫై మందిని పెట్టుకుని పని చేయించినవాణ్ణి, ఇది నా వైపు నుంచి చెబుతున్న మాట.

ఇంకో మాట. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి నెల కూలిలో సగం అదనంగా ఇవ్వాలని 1979 చట్టం ఉంది. దాన్ని అడుగు.

పీణ్య టైలరమ్మ:

బాబూ, నీ భార్యకు కుట్టుపని వచ్చని నువ్వే రాశావు కదా, మరి ఆమెను ఇటుకలు మోయించడం ఎందుకు? పీణ్యలో, బొమ్మనహళ్ళిలో, మైసూరు రోడ్డులో గార్మెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. రోజు కూలి కన్నా చేతికి తక్కువ వస్తుంది, నిజమే. కానీ నెల నెలా బ్యాంకులో పడుతుంది, ఈఎస్ఐ అనే వైద్య బీమా ఉంటుంది, పీఎఫ్ అనే పొదుపు ఉంటుంది. 14,000 జీతం అనుకో, ఈఎస్ఐకి ఆమె వాటా 105 రూపాయలు, యజమాని 455 కడతారు. దానితో కుటుంబం మొత్తానికి వైద్యం. మా ఆయనకు రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. అదే బయట అయి ఉంటే మేము ఇప్పటికీ వడ్డీ కడుతూ ఉండేవాళ్ళం.

ఆ పీఎఫ్ కోసం ఇక్కడి ఆడవాళ్ళు రోడ్డెక్కారు. 2016 ఫిబ్రవరిలో పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. ఏప్రిల్‌లో హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు మీదికి వేల మంది వచ్చారు. రెండో రోజు సాయంత్రానికి ఆ నిబంధన వెనక్కి పోయింది.

ఇక అద్దె ఇంటి గురించి నువ్వు అడగలేదు, కానీ నేను చెప్పాలి. షెడ్డులో ఎక్కువ కాలం ఉండలేరు, ఏదో ఒక రోజు ఇల్లు చూసుకుంటారు. మేము ఫ్యాక్టరీ వెనక సందులో మేడ మీద రేకుల గది తీసుకున్నాం. అడ్వాన్సు 40,000. అందులో 25,000 ఫోనులో పంపాం. మిగతా 15,000 నగదే కావాలని యజమాని పట్టుబట్టాడు. రసీదు అడిగితే "ఇంట్లో మనుషుల్లా ఉంటున్నారు, రసీదులెందుకమ్మా" అన్నాడు. మళ్ళీ అడిగాం, మళ్ళీ అదే మాట. ఖాళీ చేసే రోజు వచ్చేసరికి మనిషి మారిపోయాడు. రంగు వేయించాలని ఒక నెల అద్దె కోశాడు. ఆ ఆచారం ఇక్కడ ఉంది, సరే అనుకున్నాం. తరువాత నీళ్ళ మోటారు బాగుచేయించినందుకు మా వాటా అన్నాడు. ఆ మోటారు కింద ఉన్న అతని ఇంటిది. ఆ తరువాత "ఫోనులో వచ్చింది 25,000 మాత్రమే, నగదు ఎవరు చూశారు?" అన్నాడు.

కొత్త ఇంటి యజమానికి మేము ఆ డబ్బే ఇస్తామని మాట ఇచ్చాం. సామాను ఆటోలో ఉంది, పిల్ల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ సాయంత్రం నేను వారం వారం కట్టే అప్పు తెచ్చి కొత్త అడ్వాన్సు కట్టాను. పక్క గదుల్లో ఉన్న రెండు కుటుంబాలవాళ్ళు కూడా నగదు ఇచ్చినవాళ్ళే. ఆదివారం అందరం కలిసి వెళ్ళి అతని వాకిట్లో కూర్చున్నాం. అరుపులు లేవు, తిట్లు లేవు, పిల్లలతో సహా కూర్చున్నాం. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏమైందని అడగడం మొదలుపెట్టాక 10,000 ఇచ్చాడు, అదీ రెండు విడతల్లో. మిగతా 5,000 రాలేదు. వారం అప్పు వడ్డీ మాత్రం నేనే కట్టాను. మన దగ్గర కూడబెట్టిన డబ్బంటూ ఏదైనా ఉంటే అది ఇంటి యజమాని దగ్గరే ఉంటుంది తమ్ముడూ, అందుకే ఇంత రాశాను. ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వకు.

యలహంక పంతులు:

మేస్త్రీ గారు చెప్పిన 1979 చట్టం ఇప్పుడు అమల్లో లేదు. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కోడ్‌లనే నాలుగు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. కూలిలో సగం అదనంగా ఇచ్చే నిబంధన కొత్తదానిలో తీసేశారు. సొంత ఊరికి రానుపోను ప్రయాణ ఖర్చు ఇవ్వాలన్నది ఉంది, అదీ వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు కనీసం పదిమంది ఉన్న చోట. పని మానేసిన రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీ కట్టాలి. ఈ చివరిది పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. అందుకే కంపెనీ పేరు తెలుసుకోమన్న సలహా బంగారం.

ఇంకా చెప్పవలసింది ఒకటుంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే నేల కాబట్టే అక్కడ మొదలుపెట్టారు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ చుట్టుపక్కల పిల్లలు బెంగళూరు దారి పడుతున్నారు. మరోవైపు నీతి ఆయోగ్ 2023 నివేదిక చూడండి. బహుముఖ పేదరికంలో ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో 11.77 శాతం, 2019-21 నాటికి 6.06 శాతం. కర్ణాటకలో 12.77 నుంచి 7.58కి. ఆ సూచీలో పన్నెండు అంశాలు: పోషణ, పిల్లల చదువు, వంట గ్యాసు, మరుగుదొడ్డి, నీళ్ళు, కరెంటు, బ్యాంకు ఖాతా, ఇలాంటివి. వచ్చే కూలి ఎంత, నెత్తి మీద అప్పు ఎంత అన్నవి లేవు. ఈ అబ్బాయి ఇంట్లో గ్యాసు ఉంటుంది, ఖాతా ఉంటుంది. ఆ లెక్కలో ఇతడు పేదవాడు కాకపోవచ్చు.

పీణ్య టైలరమ్మ:

పంతులు గారూ, ఆ అబ్బాయి బస్సెక్కాలా వద్దా అని అడుగుతున్నాడు. ఈ శాతాలు అతనికి ఎందుకండీ?

యలహంక పంతులు:

అమ్మా, కారణం ఉంది. గ్యాసు, మరుగుదొడ్డి రావడం చిన్న మార్పు కాదు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ వలస వచ్చినవాడికి అసలు బరువు అప్పు. అప్పును కొలవని లెక్క పట్టుకుని పేదరికం తగ్గిందంటే, ఇతడు మేస్త్రీ దగ్గర 40,000 తీసుకుంటున్నాడన్న సంగతి ఎవరికీ కనబడదు. అడ్వాన్సు చూపించి మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం నేరం, ఆ బాకీ చెల్లదు. నాయనా, మేస్త్రీ మంచివాడే కావచ్చు, అయినా ఈ సంగతి తెలుసుకుని రా.

బొమ్మనహళ్ళి మేస్త్రీ:

1979 చట్టం ఉన్నన్నాళ్ళూ ఆ సగం కూలి ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు, ఇప్పుడు తీసేశారంటే పోయిందేమీ లేదు. కానీ అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీలందరూ వెట్టి చేయించేవాళ్ళని మాత్రం అనకండి. ఊళ్ళో ఇతనికి బ్యాంకు ఇస్తుందా? వడ్డీవ్యాపారి నూటికి మూడు, నాలుగు లాగుతాడు. నేను ఇచ్చిన అడ్వాన్సుకు వడ్డీ తీసుకోలేదు. ఎగ్గొట్టి పోయినవాళ్ళూ ఉన్నారు, ఆ నష్టం నాదే.

తమ్ముడూ, తీసుకుంటే 10,000 తీసుకో. రెండు నెలల్లో తీరేంత తీసుకో. ఊరి అప్పును ఈ అడ్వాన్సుతో తీర్చాలని చూడకు.

వైట్‌ఫీల్డ్ అక్క:

పంతులు గారు, మేస్త్రీ గారు ఇద్దరూ పాప సంగతి మరిచారు. నేను ఆరేళ్ళు పెద్ద పెద్ద కట్టడాల దగ్గర వంట చేశాను. మూత లేని నీళ్ళ సంపులు, బయటికి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు, వెనక్కి వచ్చే లారీలు. మూడేళ్ళ బిడ్డకు అది చోటు కాదు. యాభైమంది పైన పనిచేసే చోట శిశుగృహం ఉండాలని చట్టం. అక్కడ శిశుగృహం ఉందా, లేదా అని మేస్త్రీని సూటిగా అడుగు తమ్ముడూ. లేకపోతే మొదటి కొన్ని నెలలు పాపను అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో ఉంచి, ఇల్లు దొరికాక అంగన్‌వాడీ దగ్గరలో ఉండేలా చూసి తెచ్చుకోండి. కుట్టుపనికి వెళ్ళే తల్లికీ ఇదే చిక్కు, టైలరమ్మ గారు కాదనరు.

తొంభై రోజులు కట్టడం పని చేశాక కర్ణాటక భవన కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకో. ఆంధ్రవాళ్ళు కాబట్టి కుదరదని ఎవరైనా అంటే నమ్మకు. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవనం ఉంది, అక్కడ అడుగు. తొంభై రోజులు చేసినట్టు కాగితం కావాలి, మామూలుగా ఆ కాగితం ఇచ్చేది కాంట్రాక్టరు. మేస్త్రీ గారు చెప్పిన హాజరీ పుస్తకం అక్కడ కూడా అక్కరకొస్తుంది.

కె.ఆర్.పురం పాతకాపు:

రాగానే ఆధార్ చిరునామా బెంగళూరుకు మార్చుకోండి. మా ఇంట్లో మార్చుకున్నాం కాబట్టే ఆడవాళ్ళకు బస్సు ఉచితం. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చింది, అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్ళకే. మా ఇంటి పక్కనే ఉన్న కర్నూలు అమ్మాయి రోజూ టికెట్ కొంటుంది.

వైట్‌ఫీల్డ్ అక్క:

అన్నా, ఆ సలహా అందరికీ పనికిరాదు. ఇతని అమ్మానాన్నలు ఊళ్ళో ఉన్నారు, ఒకే బియ్యం కార్డు అయి ఉంటుంది, వాళ్ళకు పింఛను కూడా వస్తూ ఉండవచ్చు. నెలకు మనిషికి 4,000 పింఛను పక్కన పెట్టి బస్సు టికెట్ కోసం కాగితాలు కదిలిస్తారా? పైగా ఇక్కడ కొత్త బీపీఎల్ కార్డు దొరకడం ఎంత కష్టమో మీకు తెలియదా?

కె.ఆర్.పురం పాతకాపు:

చిరునామా మారిస్తే పింఛను పోతుందని నేను అనలేదమ్మా. పెద్దవాళ్ళ ఆధార్ కదిలించమని కూడా చెప్పలేదు. భార్యది ఒక్కటే మార్చుకోవచ్చు కదా అంటున్నాను. పీణ్యకు రోజూ బస్సులో వెళ్ళే మనిషికి నెలకు ఎంత అవుతుందో లెక్క వేయండి.

వైట్‌ఫీల్డ్ అక్క:

ఆమె పని స్థిరపడ్డాక, ఇల్లు స్థిరపడ్డాక చూసుకోవచ్చు. ముందు కార్డు సంగతి, ఎందుకంటే అతను అడిగిన దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

తమ్ముడూ, మీ కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్నదైతే ఇక్కడి చౌకధరల దుకాణంలో మనిషికి నెలకు 5 కిలోల లెక్కన ఉచితంగా ఇస్తారు. ఆంధ్రలో ఉన్న బియ్యం కార్డులన్నీ ఆ చట్టం కిందివి కావు, కొన్ని రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి. అవి ఇక్కడ పనిచేయవు. కాబట్టి బయలుదేరే ముందే మీ డీలరును గానీ సచివాలయంలో గానీ అడిగి మీది ఏదో తెలుసుకో, 14445కు ఫోను చేసినా చెబుతారు. చట్టం కిందిదే అయితే మీ వాటా మీరిక్కడ, అమ్మానాన్నల వాటా వాళ్ళక్కడ తీసుకోవచ్చు, కార్డు విడదీయనక్కర్లేదు. ఒకరే వచ్చి మొత్తం ఇక్కడ తీసేసుకుంటే ఆ నెల అక్కడ వాళ్ళకు రాదు, అది గుర్తుంచుకో. కర్ణాటక తనవాళ్ళకు అదనంగా ఇచ్చేది మనకు రాదు, దాని కోసం దుకాణంలో వాదించవద్దు. నీదీ, భార్యదీ ఈ-కేవైసీ, అంటే వేలిముద్రతో కార్డులో పేరు సరిచూసే పని, ఊళ్ళోనే డీలరు మిషన్ దగ్గర పూర్తి చేయించుకుని రా. సిమెంటు పని చేశాక వేలిముద్రలు అరిగిపోతాయి, ఇక్కడి మిషన్ మీద పడకపోతే నెల నెలా తిరగాలి. ఇద్దరిలో ఎవరి వేలు బాగా పడుతుందో చూసుకుని దుకాణానికి వాళ్ళే వెళ్ళండి.