రష్యా నిలబడిందా, నిలబెట్టారా? (2026 జనవరిలో ఒక ఆన్‌లైన్ వేదికలో జరిగిన చర్చ)

గోదారిగట్టు:
2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడే ఎంతమంది "ఆరు నెలల్లో రష్యా దివాలా" అన్నారో నాకు గుర్తుంది. పశ్చిమ దేశాలు తమ దగ్గరున్న రష్యా విదేశీ మారక నిల్వలు దాదాపు 30,000 కోట్ల డాలర్లు కదలకుండా కట్టేశాయి. ఏమైంది? ఆ ఏడాది జీడీపీ ఒకటిన్నర శాతం కూడా తగ్గలేదు. 2023లోనూ 2024లోనూ నాలుగు శాతం దాకా పెరిగింది. నిరుద్యోగం రెండున్నర శాతం లోపే. ప్రభుత్వ అప్పు జీడీపీలో అయిదో వంతు కూడా లేదు. ఇలాంటి దేశం కూలిపోతోందని అనేది మీ కోరిక. లెక్క మాత్రం కాదు.

వోల్గా_డాక్టర్:
నేను అక్కడ ఆరేళ్లు చదివి పోయినేడే వచ్చాను. ఆ నాలుగు శాతం ఎక్కడిదో కూడా చూడండి. ట్యాంకు తయారైతే జీడీపీలో కలుస్తుంది, వారం తిరక్కుండా అది తగలబడితే ఎక్కడా తీసెయ్యరు. 2025 బడ్జెట్‌లో ఒక్క రక్షణకే 13.5 లక్షల కోట్ల రూబుళ్లు, మొత్తం ఖర్చులో మూడో వంతు. డబ్బు అటు పోతుంటే సరుకు ఇటు తక్కువైంది, ధరలు పెరిగాయి. వాటిని ఆపడానికి సెంట్రల్ బ్యాంక్ 2024 అక్టోబరులో వడ్డీ 21 శాతం చేసింది. ఆ వడ్డీకి అప్పు తెచ్చి ఏ ఫ్యాక్టరీ నడుస్తుంది?

గోదారిగట్టు:
21 శాతం అంటే మనూళ్లో రూపాయి ముప్పావలా వడ్డీ. మా నాన్న రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి ముగ్గుర్ని చదివించాడు. ఏం మునిగిపోయాం?

కంచరపాలెం:
రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి పొలాలు అమ్ముకున్నవాళ్ల సంగతి కూడా చెప్పండి సార్.

వోల్గా_డాక్టర్:
ఆ పోలిక కుదరదండీ. 21 అనేది బ్యాంకులకి పడే రేటు. వాళ్ల లాభం కలుపుకుని కంపెనీ దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎక్కువ. తప్పు సెంట్రల్ బ్యాంక్ అధిపతి నబియుల్లినాదీ కాదు. 2013 నుంచి ఆ బ్యాంకు నడుపుతోంది, 2014లోనూ 2022లోనూ రూబుల్‌ని ఒడ్డున పడేసింది ఆవిడే. కానీ ఆవిడ తూము మూస్తుంటే బడ్జెట్ పక్కనే గండి కొడుతోంది. యుద్ధంతో సంబంధం లేని వ్యాపారాలన్నీ మధ్యలో నలిగిపోతున్నాయి. 2025 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సదస్సులో మాంద్యం అంచుకి వచ్చామన్నది వాళ్ల ఆర్థికాభివృద్ధి మంత్రి రెషెత్నికోవే. డిసెంబరులో పుతిన్ చెప్పిన వృద్ధి ఒక్క శాతం.

గోదారిగట్టు:
వడ్డీ డిసెంబరుకి 16కి దిగిందని ఎందుకు చెప్పరు? రూపాయి ముప్పావలా కాస్తా రూపాయి పావలా చిల్లర అయింది. తగ్గించగలిగారంటే అదుపులో ఉన్నట్టే కదా?

కంచరపాలెం:
మళ్లీ వడ్డీయేనా!

భీమవరం_చెరువు:
మీ లెక్కలు నాకు తెలియవు, నా నష్టం చెప్తాను. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనంగా పాతిక శాతం వేసింది, మొత్తం యాభై. ఆ వారంలోనే రొయ్య కొనేవాడు రేటు దించేశాడు. మూడెకరాల చెరువు తొందరపడి పట్టేశాను, మేత ఖర్చు కూడా రాలేదు. 2022కి ముందు మనం తెచ్చుకునే చమురులో రష్యాది రెండు శాతం లేదట, తర్వాత మూడో వంతు దాటింది. చవగ్గా వచ్చిన చమురులో బంకు దగ్గర నాకు దక్కింది లీటరుకి రెండు రూపాయలు, అదీ 2024 మార్చిలో. లాభం వాళ్లకి, దెబ్బ నా చెరువుకి.

గోదారిగట్టు:
నేననేదీ అదే! మిమ్మల్ని కొట్టింది అమెరికా. మరి రష్యా పడిపోతే మీకెందుకు సంతోషం?

భీమవరం_చెరువు:
నేనెక్కడ సంతోషించాను సార్? చెరువు ఎండబెట్టుకుని కూర్చున్నాను.

వోల్గా_డాక్టర్:
అసలు విషయానికి రండి. 2025లో చమురు, గ్యాస్ మీద బడ్జెట్‌కి వచ్చే రాబడి నాలుగో వంతు దాకా పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి 2026 జనవరి 1 నుంచి వ్యాట్ 20 నుంచి 22 శాతం చేశారు. అది కట్టేది చిన్న దుకాణంవాడూ, చెప్పులు కొనుక్కునే ముసలమ్మా. ఐరోపాకి గ్యాస్ అమ్మి బతికిన ప్రభుత్వ కంపెనీ గాజ్‌ప్రోమ్ 2023లో నష్టం చూపించింది, ఇరవై ఏళ్లకి పైగా ఎరగని నష్టం. ఉక్రెయిన్ మీదుగా పోయే పైపు 2025 జనవరి 1న ఆగింది. చైనా పైపు నిండా పంపినా ఏడాదికి 3,800 కోట్ల ఘనపు మీటర్లు. ఐరోపా ఒకప్పుడు దానికి నాలుగు రెట్లు కొనేది.

గోదారిగట్టు:
మీకు డాక్టరు డిగ్రీ ఇచ్చింది ఆ దేశం. విశాఖ ఉక్కుకి సాయం చేసింది ఆ దేశం. 1971లో మన వెనక నిలబడింది ఆ దేశం. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు.

వోల్గా_డాక్టర్:
డిగ్రీ ఎవరూ ఊరికే ఇవ్వలేదు. మా నాన్న ఎకరంన్నర అమ్మి ఫీజు కట్టాడు. వాసాలు లెక్కపెడుతున్నానా? అయితే ఆ ఇంట్లో ఏం చూశానో వినండి. మా హాస్టల్ వంటగదిలో పనిచేసే ఆవిడ కొడుకు 2024 చలికాలం ముందు సైన్యంతో కాంట్రాక్టు రాశాడు. సంతకం పెడితే కేంద్రం ఇచ్చేదే 4 లక్షల రూబుళ్లు, ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చేది వేరే. ఆ ఏడాది కనీస జీతం నెలకి 19,242. ఇరవై నెలల జీతం ఒక్క సంతకానికి! ఇంటి అప్పు తీరింది. వసంతం వచ్చాక అతని ఫోన్ మోగలేదు. ఆవిడ మాకు గంజి వడ్డిస్తూనే ఉంది, గిన్నె మా చేతికిచ్చి మొహం తిప్పుకునేది. నిరుద్యోగం రెండున్నర శాతానికి దిగిందన్న మీ లెక్కలో అతనూ ఉన్నాడు సార్. సహాయకుడి ఉద్యోగం అని నమ్మి వెళ్లి అదే యుద్ధంలో చచ్చిపోయిన హైదరాబాద్ కుర్రాడి వార్త మీరూ చదివే ఉంటారు. నా కోపం ఆ దేశం మీద కాదు.

కంచరపాలెం:
ఇద్దరూ కాస్త నిదానించండి.

గోదారిగట్టు:
ఆవిడ సంగతి చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. వాసాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా మనసులో మాట కూడా దాచను. నాకు రష్యా మీద ప్రేమేం లేదు. మనం ఎవరి దగ్గర చమురు కొనాలో వాషింగ్టన్ చెప్తుంటే ఒళ్లు మండుతోంది. దానికి ఎదురు నిలిచినవాడు, ఎవడైనా సరే, ఓడిపోకూడదని ఉంది.

వోల్గా_డాక్టర్:
ఆ మాట మొదటే అనుంటే ఇంత రాసేవాళ్లం కాదు. మీరు మాట్లాడేది మన మర్యాద గురించి, నేను మాట్లాడేది అక్కడి జనం గురించి. ఆ రాజ్యం రేపే కూలుతుందని నేనూ అనలేదు. అప్పు తక్కువ, చమురు ఉంది, ఇంకా లాగగలదు. కానీ యుద్ధం సాగితే డబ్బు కావాలి, ఆగితే ఆ జీతాలకి అలవాటుపడ్డ లక్షలమంది ఇంటికొస్తారు, ట్యాంకుల ఫ్యాక్టరీలకి ఆర్డర్లుండవు. ఏది చేసినా కష్టమే. 2023 డిసెంబరులో కోడిగుడ్ల ధర పెరిగిందని ఒక పెద్దావిడ అడిగితే పుతిన్ టీవీలో క్షమాపణ చెప్పాడు. అక్కడి పెద్దలు భయపడేది దేనికో నాకు ఆ రోజు తెలిసింది.

గోదారిగట్టు:
గుడ్ల సంగతి నేను వినలేదు. కానీ నాలుగేళ్లు లాగినవాడు ఇంకో నాలుగేళ్లు లాగుతాడు. ఆ మాట మీదే ఉంటాను.

భీమవరం_చెరువు:
ఎన్నేళ్లయినా లాగనివ్వండి గానీ, ఆ పాతిక శాతం ఎప్పుడు తీస్తారో ఎవరికైనా అంచనా ఉందా? పండగ అయిపోయింది. సీడ్‌కి అడ్వాన్సు ఈ వారమే కట్టాలి.