‘తోక జాడించడం’: గుర్రం దగ్గర ఈ మాటకు అర్థమేంది?

ప్రశ్న (కడప):
‘తోక జాడిస్తే కత్తిరిస్తా’ అని బెదిరిస్తాం కదా. ఉతికిన బట్టల్ని మంచినీళ్లలో ఆడించి తీయడాన్ని కూడా జాడించడమనే అంటాం. గుర్రాలు మేపేవాళ్లు ఈ మాటను దేనికి వాడతారు?

జవాబు (ఆదోని):
రెండిటికీ అన్నా. గుర్రం తానే తోక జాడిస్తే ముందు ఈగలు, జోరీగలు చూడాల. ఈగ కోసమైతే అది వాలిన పక్కకే ఒక దెబ్బ వేసి ఊరుకుంటుంది. ఈగ లేకుండా, జీను పట్టీ బిగించేటప్పుడో, రౌతు ఎక్కగానేనో విసురుతూ ఉందంటే వీపు నొప్పో, జీను ఒత్తిడో ఉన్నట్టు. దాన్ని పొగరనుకుని కొట్టడం అన్యాయం.

గోడకో గుంజకో తోక మొదలు రుద్దుతుంటే వేరే లెక్క. అక్కడ వెంట్రుకలు విరిగి, పాత చీపురులా నిక్కబొడుచుకుంటాయి. తోక ఎత్తి చూడండి. మలద్వారం చుట్టూ పసుపు, బూడిద కలిసిన రంగులో జిగట పొర ఉంటే అవి నులిపురుగుల గుడ్లు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాల. మందు మాత్రం పశువుల డాక్టరు గుర్రం బరువు చూసి చెప్పిన మోతాదులోనే వేయాల. గుడ్లు లేకుంటే పేలు, పిడుదులు, చర్మం మీద పొట్టు, పొద్దుగూకే వేళ కుట్టే సన్న దోమలు, ఇవన్నీ వెతకాల. కడిగినప్పుడు మిగిలిపోయిన షాంపూ కూడా దురద పెడుతుంది.

ప్రశ్న (కడప):
మరి కడిగేటప్పుడు జాడించడం ఎట్లా?

జవాబు (ఆదోని):
వెనకాల నిలబడొద్దు, పక్కన, తొడకు దగ్గరగా నిలబడాల. బకెట్ సగం నింపి, కొస వెంట్రుకలను అందులో ముంచి అటూ ఇటూ ఆడించడమే జాడించడం. తోక మొదలుకు మగ్గుతో నీళ్లు పోసి వేళ్ల కొసలతో చర్మం రుద్దాల. ఎక్కువ మంది ఎగ్గొట్టేది ఇదే, మురికంతా అక్కడే ఉంటుంది. షాంపూ ఒకటి రెండు మూతలు చాలు. నురగ పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ జాడించాల.

జవాబు (కర్నూలు):
మా నల్లరేగడి గురించి ఒక మాట. వానాకాలం తోక కొసన బురద ఉండలు కడతాయి. తడిగా ఉన్నప్పుడు దువ్వితే వెంట్రుక సాగి తెగుతుంది. ఆరనిచ్చి, ఉండను వేళ్ల మధ్య నలిపి రాల్చండి. మరులమాతంగి కాయలు చిక్కుకుంటే కాయకు కొంచెం కొబ్బరినూనె పట్టించి, బయటి వెంట్రుకల నుంచి నాలుగైదు పోగులుగా విడదీయాల. చిక్కుకు పైభాగాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుంటే కుదుళ్లు లాగవు. దువ్వడం ఎప్పుడూ కొస నుంచి మొదలుపెట్టి పైకి పోవాల. పని అయ్యాక నూనె కడిగేయండి, లేకుంటే ఈ దుమ్ములో అదే జిగురవుతుంది.

ప్రశ్న (అనంతపురం):
పెళ్లి ఊరేగింపుకు గుర్రం తోకకు జడ వేస్తే నష్టమా?

జవాబు (ఆదోని):
జడ వేయొచ్చు అక్కా, ఎముక దాటినాకే మొదలుపెట్టాల. తోకలో 15 నుంచి 21 దాకా ఎముక పూసలుంటాయి, వాటి మీద చర్మానికి రక్తం పారాల. అక్కడ పట్టీ బిగించి రాత్రంతా వదిలేస్తే చర్మం చచ్చి వెంట్రుకలు రాలతాయి. ఊరేగింపు కాగానే విప్పేయండి.

ఇక కత్తిరింపు సంగతి. వెంట్రుక నెలకు సుమారు రెండున్నర సెంటీమీటర్లే పెరుగుతుంది, పోయిన జానెడు మళ్లీ రావడానికి తొమ్మిది నెలల దాకా కావచ్చు. నేలకు తగిలి తొక్కుకునేంత కొసను తీసేయండి, అంతే. మన ఎండల్లో, ఈగల్లో గుర్రానికున్న విసనకర్ర అదొక్కటే.