పాకాలలో క్లినిక్ విస్తరణకు ప్రభుత్వ సాయం ఏదైనా ఉందా? బ్యాంకు ఇల్లు తాకట్టు పెట్టమంటోంది

పాకాల వైద్యుడు:
అందరికీ నమస్కారం. ఉదయం నుంచి ఒక్కొక్క ప్రభుత్వ వెబ్‌సైటూ తెరిచి చదువుతున్నాను. ఒకచోట 35 శాతం రాయితీ అని ఉంది, మరొకచోట హామీ లేని రుణం అని ఉంది, ఇంకొకచోట వైద్య రంగానికి ప్రత్యేక నిధి అని ఉంది. ఇన్ని చదివాక బ్యాంకుకు వెళితే, అక్కడి అధికారి ఏ పథకం పేరూ ఎత్తకుండా ఇంటి పత్రాలు తెమ్మన్నారు. నాకు అల్ట్రాసౌండు యంత్రం, రక్తపరీక్షల ఎనలైజరు, పైకప్పు మీద సోలారు పలకలు కావాలి. మొత్తం 30 లక్షల రూపాయల దాకా అవుతుంది. పల్లెల్లో వైద్యం చేసేవారికి ప్రభుత్వం ఇచ్చేది ఏదైనా నిజంగా ఉందా? తెలిసినవారు దయచేసి స్పష్టంగా చెప్పండి.

పీలేరు మందుల దుకాణదారు:
డాక్టరు గారూ, కోవిడ్ తరువాత 2021లో వైద్య సదుపాయాల కోసం కేంద్రం 50,000 కోట్ల రూపాయల రుణ హామీ పథకం ప్రకటించింది. మెట్రో నగరాల బయట కొత్త ఆసుపత్రులకు 75 శాతం, విస్తరణకు 50 శాతం హామీ ఇచ్చారు. దాని గురించి అడగండి.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు అధికారి:
ఆ పథకం గడువు ఎప్పుడో ముగిసింది. ఇప్పుడు దాని పేరు చెప్పి బ్యాంకుకు వెళ్ళకండి.
డాక్టరు గారూ, ముందు ఇవి చెప్పండి. క్లినిక్ కొత్తదా, నడుస్తున్నదా? చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు ఉందా? పాత అప్పులు ఉన్నాయా? పడకలు ఎన్ని?

తిరుపతి రేడియాలజిస్టు:
రుణం సంగతి తరువాత మాట్లాడుకుందాం. అల్ట్రాసౌండు యంత్రం కొనాలంటే ముందు 1994 నాటి గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద జిల్లా అధికారి వద్ద ఫారం ఏ దాఖలు చేసి నమోదు చేయించుకోవాలి. నమోదు లేని క్లినిక్‌కు యంత్రం అమ్మడం అమ్మేవారికి కూడా నేరమే. ఆ నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. మీరు ఎంబీబీఎస్ అయితే స్కానింగులో ఆరు నెలల శిక్షణ, పరీక్ష తప్పవు. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి. అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా యంత్రాన్ని సీజు చేయవచ్చు. ఇవన్నీ చూసుకోకుండా అప్పు చేస్తే యంత్రం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది, నెలవారీ వాయిదా మాత్రం మొదలవుతుంది. మన జిల్లాలో ఆడపిల్లల సంఖ్య గురించి ఆలోచించే వైద్యులందరూ ఈ విషయాన్ని ముందు వరుసలో పెట్టుకోవాలని నా అభ్యర్థన.

పాకాల వైద్యుడు:
రేడియాలజిస్టు గారూ, శిక్షణ పూర్తయింది. ఫారం ఏ ఇంకా ఇవ్వలేదు, అది గమనిస్తాను. నా ప్రశ్న మాత్రం డబ్బు గురించి.
బ్యాంకు అధికారి గారూ, క్లినిక్ నడుస్తున్నదే. పంచాయతీ పరిధిలో ఉంది. ఉద్యం నమోదు లేదు. అది కర్మాగారాలకు కదా?

చిత్తూరు విశ్రాంత బ్యాంకు అధికారి:
కాదు. సేవారంగానికి కూడా. ఉచితం. ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి.

మీరు చూసిన 35 శాతం ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమానిది. గ్రామీణ ప్రాంతంలో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వంటి ప్రత్యేక వర్గాలకు 35, సాధారణ వర్గానికి 25 శాతం. సేవారంగంలో ప్రాజెక్టు గరిష్ఠంగా 20 లక్షలు. ఇది కొత్త సంస్థలకు మాత్రమే. నడుస్తున్న క్లినిక్‌కు రాదు.

మీకు పనికొచ్చేది సూక్ష్మ, చిన్న సంస్థల రుణ హామీ ట్రస్టు. 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇస్తే, ట్రస్టు బ్యాంకుకు హామీగా నిలుస్తుంది. ఏటా కొంత రుసుము ఉంటుంది.

పీలేరు మందుల దుకాణదారు:
అంటే అదీ రాయితీ వంటిదే కదా. అప్పు తీర్చలేకపోతే ప్రభుత్వమే తీరుస్తుంది.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు అధికారి:
కానే కాదు. దయచేసి ఎవరికీ ఈ మాట చెప్పకండి. ట్రస్టు చెల్లించేది బ్యాంకు నష్టంలో ఒక భాగం. అప్పు తీసుకున్నవారి బాధ్యత ఒక్క రూపాయి కూడా తగ్గదు, వసూలు చర్యలు ఆగవు. రాయితీ మీ డబ్బును తగ్గిస్తుంది, హామీ మీ ఇంటి పత్రాలను మీ బీరువాలో ఉంచుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని అప్పు చేసిన కుటుంబాలు కోర్టు నోటీసులు అందుకోవడం ఉద్యోగంలో ఉండగా చూశాను.

పీలేరు మందుల దుకాణదారు:
తీసుకునేవారి దృష్టిలో రెండూ ప్రభుత్వ సాయమే అన్నది నా ఉద్దేశం.

శ్రీకాళహస్తి దంతవైద్యురాలు:
ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రోత్సాహకాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. రోగుల రికార్డులను ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్యతో డిజిటల్‌గా అనుసంధానిస్తే, నిర్ణీత సంఖ్య దాటిన ప్రతి రికార్డుకూ కొంత సొమ్ము ఇచ్చేలా 2023లో తెచ్చిన పథకం అది. కాకపోతే ఆసుపత్రుల విషయంలో అది పది, అంతకు మించి పడకలు ఉన్నవాటికి ఉద్దేశించినది. పైగా ఆ సొమ్ము పని చేశాకే వస్తుంది కనుక యంత్రం కొనడానికి అక్కరకు రాదు.

పాకాల వైద్యుడు:
నాకు ఐదు పడకలే. సోలారుకు కేంద్రం 78,000 ఇస్తుందని విన్నాను, అదైనా వస్తుందా?

తిరుపతి ఆడిటరు:
రాదు. పీఎం సూర్యఘర్ కింద ఇచ్చే ఆ మొత్తం నివాస గృహాలకే. క్లినిక్‌ది వాణిజ్య కనెక్షను కాబట్టి వర్తించదు.

పన్నుల వైపు నుంచి రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే వైద్యులు రాయితీల కోసం తిరుగుతూ చేతిలో ఉన్న లాభాన్ని వదిలేసుకుంటారు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, అందువల్ల యంత్రం మీద కట్టిన జీఎస్టీ మీకు తిరిగి రాదు, అది పూర్తిగా మీ ఖర్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వైద్య పరికరాలపై ఆ పన్ను 5 శాతానికి దిగింది. అంతకుముందు 12 శాతం ఉన్న యంత్రమైతే 20 లక్షల ధర మీద 1.4 లక్షలు మిగులుతాయి, పాత కొటేషను చేతిలో ఉంటే మార్పించుకోండి. రెండవది, మీరు ఆదాయపన్నులో ఖాతాపుస్తకాలు లేకుండా వసూళ్ళలో సగాన్ని ఆదాయంగా చూపుతున్నట్లయితే యంత్రాల తరుగుదలను, అంటే వాటి విలువ ఏటా తగ్గే మేరను, విడిగా ఖర్చుగా కోరలేరు. 30 లక్షలు పెట్టుబడి పెట్టే సంవత్సరంలో ఖాతాపుస్తకాలు రాసుకుని, ఆడిట్ చేయించుకోవడమే లాభమా అన్నది లెక్క వేసి చూడాలి. సోలారు పరికరాలకు తరుగుదల 40 శాతం, మామూలు యంత్రాలకు 15 శాతం.

పాకాల వైద్యుడు:
ఇన్ని విషయాలు బ్యాంకులో ఒక్కరూ చెప్పలేదు. ఇంతకుముందు తీసుకున్న ముద్ర రుణం ఇప్పించిన శాఖే ఇది, అప్పుడు ఏ తాకట్టూ అడగలేదు.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు అధికారి:
ముద్ర రుణమా? పాత అప్పులు ఉన్నాయా అని మొదటే అడిగాను కదా. ఎంత? తీరిందా?

పాకాల వైద్యుడు:
తీరిపోయింది కనుక అప్పుగా లెక్కపెట్టలేదు. ముద్ర రుణాల్లో తరుణ్ అనే విభాగంలో 8 లక్షలు. ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు అధికారి:
అలాగైతే నేను పైన రాసినది చాలావరకు మారుతుంది. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి తరుణ్ ప్లస్ ఉంది, 20 లక్షల వరకు, తాకట్టు లేకుండా. అంతకంటే ముఖ్యమైనది, ఉపాధి కల్పన కార్యక్రమంలోనే రెండవ రుణం అనే విభాగం ఉంది. అది పాత ముద్ర సంస్థల విస్తరణకు కూడా వర్తిస్తుంది. సేవారంగంలో 25 లక్షల వరకు ప్రాజెక్టు, మన ప్రాంతంలో 15 శాతం రాయితీ. మొదటి రుణం గడువులో తీరి ఉండాలి, గత మూడేళ్ళూ సంస్థ లాభంలో ఉండాలి. కార్యక్రమానికి 2025-26 వరకే ఆమోదం ఇచ్చారు కాబట్టి, దరఖాస్తుకు ముందు తిరుపతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో పొడిగింపు సంగతి కనుక్కోండి. ముద్ర రుణం ముగింపు పత్రం, మూడేళ్ళ రిటర్నులు, ఉద్యం పత్రం, జిల్లా వైద్యాధికారి ఇచ్చిన క్లినిక్ రిజిస్ట్రేషను వెంట ఉంచుకోండి.

శ్రీకాళహస్తి దంతవైద్యురాలు:
అధికారి గారూ, ఆ కార్యక్రమంలో క్లినిక్‌ను అనుమతించిన సేవల జాబితాలో చూపుతారా? మా దగ్గర ఒక సహోద్యోగినికి జాబితాలో లేదని చెప్పి దరఖాస్తు వెనక్కి ఇచ్చారు.

తిరుపతి రేడియాలజిస్టు:
ఫారం ఏ సమర్పించకుండా ప్రాజెక్టు నివేదికలో స్కానింగు ఆదాయం రాయవద్దని మరోసారి మనవి చేస్తున్నాను.

పాకాల వైద్యుడు:
అందరికీ ధన్యవాదాలు. ముగింపు పత్రం దొరికింది. సోమవారం పరిశ్రమల కేంద్రానికి వెళుతున్నాను.

పలమనేరు ఫిజియోథెరపిస్టు:
నాకు పాత ముద్ర రుణం లేదు, కొత్తగా ఫిజియోథెరపీ కేంద్రం ప్రారంభించాలని ఉంది. జాబితా గురించి మేడం గారు అడిగిన ప్రశ్నకు సమాధానం ఎవరికైనా తెలిస్తే నాకూ ఉపయోగపడుతుంది.