రవీంద్రభారతిలో లడ్డూలు ఎగిరాయా, నేను కలగన్నానా?

చివరి_వరుస:
తొంభైల్లో, నాకు ఆరేడేళ్లుంటాయి, తాతయ్య సైఫాబాద్ రవీంద్రభారతికి తీసుకెళ్లి నాటకం చూపించారు. ఘటోత్కచుడు కూర్చుని నోరు తెరిస్తే పళ్లెంలో లడ్డూలు ఒక్కొక్కటే లేచి గాల్లో తేలుతూ వెళ్లి నోట్లో పడ్డాయి. ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మట్లేదు, సినిమాలో చూసింది కలిపేసుకున్నావ్ అంటున్నారు. మూడో గంట కొట్టి లైట్లు తీసేస్తే తాతయ్య చెయ్యి గట్టిగా పట్టుకోవడం మాత్రం నిన్నో మొన్నో జరిగినట్టుంది. ఎవరైనా చూశారా?

హార్మోనియం_పిచ్చి:
కల కాదండీ, అది సురభి వాళ్ల మాయాబజార్. లడ్డూలకి సన్న తీగలు కట్టి లాగుతారు. మేం ముందు వరుసలో కూర్చోవడంతో లైటు పడ్డప్పుడల్లా తీగ తళుక్కుమనేది, మా తమ్ముడు "తీగ! తీగ!" అని అరిస్తే అమ్మ వాడి నోరు మూసేసింది. తీగ కనిపించాక నాకైతే ఇంకా నచ్చింది, ఎవరో చీకట్లో నిలబడి గురి తప్పకుండా లాగుతున్నారు కదా. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలై తరతరాలుగా కుటుంబాలకి కుటుంబాలే ఆడుతున్న నాటకాలు, చిన్నపిల్లల్ని కూడా స్టేజీ ఎక్కించేస్తారు. నా ఈడు పిల్ల ముఖానికి రంగేసుకుని అక్కడ నిలబడితే ఎంత కుళ్లుకున్నానో.
ఒక్క డౌటు. మీరు చూసింది రవీంద్రభారతేనా, దగ్గర్లోనే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న లలిత కళాతోరణమా? సురభి వాళ్లు అక్కడా ఆడారు. పైన కప్పుందా, ఆకాశముందా?

శాలువా_బాధితుడు:
లడ్డూల సంగతి నాకు తెలీదు కానీ రవీంద్రభారతి అంటే నాకు సన్మానాలే. ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో తెరిచిన హాలు, వెయ్యిమందికి పైగా పడతారు, ఒక ప్రోగ్రాంలో ఉపన్యాసాలు అయ్యేసరికి మేలుకుని ఉన్నది మాత్రం తర్వాత డాన్సు చేయాల్సిన పిల్లల అమ్మలే. ముఖ్య అతిథి ఆలస్యం, మా అక్క ఆరింటికే మేకప్ వేసుకుని తొమ్మిదిన్నర దాకా జడ పాడవుతుందని గోడకి ఆనకుండా కూర్చుంది. చివరికి కూచిపూడి తరంగం మొదలై ఇత్తడి పళ్లెం అంచుల్ని కాలివేళ్లతో బిగించి పట్టుకుని, నెత్తిన చెంబుతో జరుగుతూ వస్తుంటే ఆ పళ్లెం చెక్క మీద గరగరలాడిన చప్పుడు, నిద్రపోతున్న నేను దెబ్బకి లేచా. చెంబు మాత్రం కదల్లేదు.

చివరి_వరుస:
అమ్మకి ఫోన్ చేసి అడిగా. ఆ రాత్రి దోమలు కుట్టి మోకాళ్లు రెండూ వాచాయట! అయితే ఆకాశం కిందే అన్నమాట. మరి మూడో గంట?

హార్మోనియం_పిచ్చి:
గంట ఎక్కడైనా కొడతారండీ. లడ్డూలు నిజమేగా, ముందు ఇంట్లో అది చెప్పండి.