తుపానొస్తే ఎలుకలు పోతాయా, పెరుగుతాయా?

గట్టుమీద గోపి: రచ్చబండ దగ్గర మొదలైన గొడవండి ఇది. మా బాబాయి మాట, "గట్టి తుపాను ఒకటొస్తే ఎలుకంతా కొట్టుకుపోద్ది" అని. సార్వా (వానాకాలం పంట) ముంపు తర్వాత మా దాళ్వా (రెండో పంట) వరి చేను పొట్టకొచ్చిందో (కంకి లోపల కట్టిందో) లేదో, పిలకలు అడుగంటా కొరికి పడేశాయి. మీరేమంటారు?

కాలువగట్టు: బాబాయి గారిది సగం నిజం. నీళ్ళు నిండితే కన్నంలో పిల్లలు చస్తాయి. పెద్దవి ఈదుకుంటూ పోయి కాలువ గట్టెక్కుతాయి. ముంపప్పుడు గట్లమీద ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టేది అందుకే. ఆ నాలుగు రోజులూ వదిలేశామా, చూలు మూడు వారాల పైమాటే కదా, మళ్ళీ మొదలు.

మాజీ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి): అసలు సంగతి చావడంలో లేదు, నాట్లు చెదరడంలో ఉంది. 2008 మేలో నర్గీస్ తుపాను బర్మాలో ఐరావతి డెల్టాను ఊడ్చేసింది. మరుసటి ఏడాది అక్కడే ఎలుకల దండు! విత్తనం, పశువులు ఎప్పుడు దొరికితే అప్పుడు ఎవరికి వాళ్ళు నాటుకున్నారు. ఒక చేను కోతకొస్తే పక్కది పాలు పోసుకుంటోంది. చేను పొట్టకొచ్చాకే ఎలుక జోరుగా పిల్లల్ని పెడుతుంది. మేత తెగకపోతే కాన్పులూ తెగవు.

సిడ్నీ సత్తి: మా ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో 2017 నుంచి మూడేళ్ళు కరువు. 2020లో వానలు పడి గోధుమ విరగపండింది. 2021లో చిట్టెలుకలు వైర్లు కొరికేస్తే మా రాష్ట్రంలోని వెల్లింగ్టన్‌లో ఏకంగా జైలే ఖాళీ చేయించారు. వానవల్లే పెరిగాయి కదా?

కాలువగట్టు: అది మెట్టండి బాబూ. అక్కడ వానంటే మేత, మనకి వానంటే ముంపు. రెండూ ఒకే గాటన కడితే ఎలా?

మెరక చేను: అన్నీ వాతావరణం మీదకి తోసేయండి! పాము కనపడితే కర్ర తీస్తాం, గుడ్లగూబ అరిస్తే అపశకునమంటాం. గట్లేమో మంచమేసుకునేంత వెడల్పు, కన్నాలకి అంతకంటే ఏం కావాలి?

గట్టుమీద గోపి: ఏఈవో గారూ, మాది శివారు ఆయకట్టు. ఎగువోళ్ళ నాట్లయ్యాకే మాకు నీరు. అందరం ఒకేసారి నాటేదెలా?

మాజీ ఏఈవో: నాట్లు కుదరకపోతే మందైనా ఒకేరోజు పెట్టండి, చేను పొట్టకి రాకముందే. నూకలు 960 గ్రాములు, నూనె 20, బ్రోమోడయోలోన్ 20. ఒక్కరే పెడితే పక్క చేలో ఎలుక వారంలో మీ కన్నంలో కాపురం పెడుతుంది.

గట్టుమీద గోపి: బాబాయికి చదివి వినిపించాను. "ఊరంతా ఒకేరోజా? దానికంటే తుపాను రావడమే తేలిక్రా" అన్నాడు.